వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయారా, ముందు ఆ పిన్ను పక్కన పెట్టండి

శ్రోతలందరికీ నమస్కారం అండి. ఈరోజు మాట్లాడుకోబోయేది చాలా చిన్న విషయం, కానీ అది నెత్తిమీదకొచ్చిన రోజు మాత్రం ఇంట్లో పనులన్నీ ఆగిపోతాయి. ఇంటి వైఫై పాస్‌వర్డ్ గుర్తులేకపోవడం. కొత్త ఫోన్ కొంటాం, దాంట్లో వైఫై పెట్టబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, ఎవర్ని అడిగినా నాకు తెలీదంటే నాకు తెలీదంటారు, కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి ఎప్పుడో పెట్టేసి వెళ్ళాడు, లేదంటే పండక్కొచ్చిన అబ్బాయి మార్చేసి అమెరికా వెళ్ళిపోయాడు, వాడికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి.

అప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. రౌటర్ వెనకాల సన్న రంధ్రం ఉంటుంది, దాంట్లో పిన్నీసు గుచ్చి రీసెట్ చేసేస్తారు. దయచేసి ముందే ఆ పని చేయకండి. ఎందుకంటే ఫైబర్ కనెక్షన్లు చాలావాటిలో రౌటర్ లోపల వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే ఉండదు, కంపెనీ మనకిచ్చిన యూజర్ ఐడీ, దాని పాస్‌వర్డ్ కూడా ఉంటాయి, వాటితో రౌటర్ నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతినే పీపీపీఓఈ అంటారు. పది పదిహేను సెకన్లు ఆ బటన్ అలా నొక్కి పట్టుకుంటే అవి కూడా చెరిగిపోతాయి. ఇక ఫోన్‌లో వైఫై గుర్తు వస్తుంది గానీ నెట్ మాత్రం రాదు, బిల్లు కట్టి ఉన్నా సరే, టెక్నీషియన్ వచ్చి మళ్ళీ అన్నీ ఎక్కించేదాకా కూర్చోవాల్సిందే, అది ఆదివారం సాయంత్రం అయితే ఇంక చెప్పక్కర్లేదు.

అసలు సంగతి ఏంటంటే ఆ పాస్‌వర్డ్ ఎక్కడికీ పోలేదండి. ఇంట్లో ఇప్పటికే వైఫైకి కనెక్ట్ అయి ఉన్న ప్రతి ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో అది భద్రంగా దాచి ఉంది. మనకి గుర్తులేదంతే. కాబట్టి ముందు ఇంట్లో ఎవరి ఫోన్‌లో వైఫై వస్తోందో చూడండి, అమ్మమ్మ ఫోన్ అయినా పర్లేదు. ఆ ఫోన్‌లో ఫర్గెట్ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది, పొరపాటున కూడా దాన్ని నొక్కకండి, నొక్కితే ఉన్న ఆ ఒక్క ఆధారమూ పోతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, ఆండ్రాయిడ్ 10 నుంచి, అంటే 2019 తర్వాత వచ్చిన వాటిలో, ఈ సదుపాయం ఉంది. సెట్టింగ్స్ తెరిచి, వైఫైలోకి వెళ్ళి, కనెక్ట్ అయి ఉన్న మన నెట్‌వర్క్ పేరు మీద గానీ, పక్కనున్న చక్రం గుర్తు మీద గానీ నొక్కండి. షేర్ అని ఉంటుంది, కొన్ని ఫోన్లలో క్యూఆర్ కోడ్ అని ఉంటుంది. అది నొక్కితే వేలిముద్రో ఫోన్ లాక్ పిన్ నంబరో అడుగుతుంది, ఇచ్చాక గళ్ళు గళ్ళుగా ఒక బొమ్మ వస్తుంది. కొత్త ఫోన్ కెమెరా ఆ బొమ్మకి చూపిస్తే చాలు, ఏమీ టైప్ చేయకుండానే కనెక్ట్ అయిపోతుంది. కొన్ని ఫోన్లలో ఆ బొమ్మ కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో కూడా ఉంటుంది, అది కాగితం మీద రాసుకోండి. అక్షరాలు లేవనుకోండి, ఇంకో ఫోన్‌లో ఉన్న క్యూఆర్ స్కానర్‌తో ఆ బొమ్మని చదివించండి, ఒక పొడుగాటి వరస వస్తుంది, దాంట్లో పీ అనే అక్షరం, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత సెమీకోలన్ దాకా ఏముందో అదే మన పాస్‌వర్డ్. టీవీకి, సీసీ కెమెరాకి ఇలా అక్షరాలే కావాలి కదా, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

ఐఫోన్ ఉన్నవాళ్ళకి ఇంకా తేలిక, ఐఓఎస్ 16 నుంచి, అంటే 2022 నుంచి, సెట్టింగ్స్‌లో వైఫై తెరిచి మన నెట్‌వర్క్ పక్కనున్న నీలం రంగు ఐ గుర్తు నొక్కితే పాస్‌వర్డ్ అని చుక్కలు కనిపిస్తాయి, వాటి మీద నొక్కి ముఖం చూపిస్తే అక్షరాలు బయటికొస్తాయి.

విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే పెన్ను తీసుకోండి. కీబోర్డ్ మీద కిటికీ గుర్తున్న బటన్, ఆర్ అక్షరం రెండూ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎన్ సీ పీ ఏ, తర్వాత చుక్క, తర్వాత సీ పీ ఎల్, ఖాళీల్లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. వైఫై అన్నదాని మీద రెండుసార్లు క్లిక్ చేసి, వైర్‌లెస్ ప్రాపర్టీస్, అందులో సెక్యూరిటీ, అక్కడ షో క్యారెక్టర్స్ అని ఒక గడి ఉంటుంది, దాన్ని టిక్ చేస్తే పాస్‌వర్డ్ కనిపిస్తుంది. ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇది చూడనివ్వకపోవచ్చు, సొంతదానిలో ప్రయత్నించండి.

ఏ ఒక్కటీ కనెక్ట్ అయి లేదనుకోండి. అప్పుడు రౌటర్‌ని తిప్పి చూడండి, వైర్లు ఊడిపోకుండా నెమ్మదిగా. అడుగున ఒక స్టిక్కర్ ఉంటుంది, అక్షరాలు ఆవగింజంత, పైన దుమ్ము కూడా ఉంటుంది, పొడి గుడ్డతో తుడిచి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి. ఎస్ఎస్ఐడీ అని ఉన్నది పేరు, కీ అనో పీఎస్‌కే అనో ఉన్నది పాస్‌వర్డ్. అక్కడ సున్నాకి, ఓ అక్షరానికి తేడా తెలీదు, పెద్ద ఐకి చిన్న ఎల్‌కి తేడా తెలీదు, కాబట్టి ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి చూడండి. ఎవరూ మార్చకుండా ఉంటేనే ఆ స్టిక్కర్ మీదది పనిచేస్తుంది. కనెక్షన్ పెట్టేటప్పుడు చాలాచోట్ల ఇంటాయన ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టేస్తుంటారు, అది కూడా ఒకసారి కొట్టి చూడండి.

అదీ కాకపోతే ల్యాన్ వైరు ఉంది. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఆ వైరు పెడితే వైఫై పాస్‌వర్డ్‌తో పనే లేదు. బ్రౌజర్‌లో 192.168.1.1 అనో, 192.168.0.1 అనో కొడితే రౌటర్ లాగిన్ పేజీ వస్తుంది, అసలు అడ్రస్ ఏదో స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. లోపలికెళ్ళాక వైర్‌లెస్ సెట్టింగ్స్‌లో పాత పాస్‌వర్డ్ చూసుకోవచ్చు, కొత్తది పెట్టుకోవచ్చు. కొన్ని కంపెనీల యాప్‌లో కూడా మార్చుకునే వీలుంది. ఇవన్నీ అయ్యాకే రీసెట్, అది కూడా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ యూజర్ ఐడీ వివరాలు చేతిలో పెట్టుకున్నాకే.

వైఫై పాస్‌వర్డ్ కనిపెట్టే యాప్ అని కొన్ని తిరుగుతుంటాయి, వాటి జోలికి వెళ్ళకండి, మన ఫోన్‌లో ఉన్నవన్నీ వాళ్ళ చేతికిచ్చినట్టే. పక్కింటి వైఫైలోకి వాళ్ళకి చెప్పకుండా మోసంతో దూరడం అయితే ఐటీ చట్టం, 2000 కింద నేరం, 66వ సెక్షన్‌లో మూడేళ్ళ దాకా జైలు ఉంది, పిల్లలకి కూడా ఈ మాట చెప్పండి.

ఇంకో విషయం నాకు నిజంగా బాధ కలిగించేది. చాలా ఇళ్ళలో పాస్‌వర్డ్ ఇంట్లో ఉండేవాళ్ళకి తెలీదు, డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుక్కి తెలుసు. రోజూ ఆ నెట్ మీదే వీడియో కాల్‌లో మనవల్ని చూసుకునే అమ్మానాన్నలకి అది తెలియకపోవడం న్యాయం కాదండి. ఈసారి ఇంటికొచ్చిన పిల్లలు దాన్ని పెద్ద అక్షరాల్లో అమ్మ డైరీలో రాసిపెట్టండి, అమ్మ చేతే ఒకసారి ఫోన్‌లో కొట్టించి చూడండి. కాగితం మీద రాస్తే దొంగలు చూస్తారని కొందరంటారు, బీరువాలో ఉన్న డైరీకి ఆ భయం అక్కర్లేదు, హాల్లో గోడకి మాత్రం అంటించొద్దు.

కొత్తది పెట్టుకునేవాళ్ళు ఫోన్ నంబర్ పెట్టకండి, అది కాలనీ అంతా తెలుసు. 8 అక్షరాలకి తగ్గకూడదు, 63 దాకా పెట్టొచ్చు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసేయండి, గోంగూర, కిటికీ, మంగళవారం, ఏనుగు, ఇలాంటివి, ఇప్పుడు నేను చెప్పినవి కాకుండా మీవే ఏవైనా. అమ్మకి స్పెల్లింగ్ ఎలా అలవాటో అలాగే రాయండి.

రౌటర్ మార్చాల్సి వచ్చినా, రీసెట్ తప్పకపోయినా, పాత పాస్‌వర్డ్ మీ దగ్గరుంటే కొత్తదాంట్లో కూడా వైఫై పేరు పాతదే, పాస్‌వర్డ్ కూడా పాతదే, ఒక్క అక్షరం తేడా లేకుండా పెట్టమని టెక్నీషియన్‌కి చెప్పండి. అలా చేస్తే టీవీ, కెమెరా, ఫోన్లు మామూలుగా వాటంతట అవే కనెక్ట్ అయిపోతాయి, ఒక్కోదాని దగ్గరికీ వెళ్ళి మళ్ళీ టైప్ చేసే పని ఉండదు. ఉంటానండి, నమస్కారం.