గీతలున్నాయి, మాట వెళ్లదు

(మే 17, ప్రపంచ టెలికమ్యూనికేషన్ దినం నాడు విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాక రెండుసార్లు చదివారు కాబట్టి నేను మూడోసారి చదవను. శాలువా కూడా కప్పారు, మే నెలలో, విశాఖలో. నిర్వాహకుల అభిమానానికి కృతజ్ఞతలు. దాన్ని కుర్చీ మీద పెట్టి మాట్లాడతాను.

నాకిచ్చిన అంశం ‘కంప్యూటర్ నెట్‌వర్కింగ్, వైర్‌లెస్ రంగాల్లో నేటి పరిశోధన’. పద్ధతిగానే స్లైడ్లు చేసుకొచ్చాను. 6జీ, టెరాహెర్ట్జ్, వై-ఫై 7 అన్నీ ఉన్నాయి. వాటికి ముందు ఒక్క ప్రశ్న. మీ ఫోన్ మీద సిగ్నల్ గీతలు ఉంటాయి కదా, అవి ఏం చెబుతాయి?

‘నెట్‌వర్క్ ఉందని’ అంటున్నారు ఎవరో. సగమే నిజం. టవరు మాట ఫోన్‌కి ఎంత బాగా వినిపిస్తోందో గీతలు చెబుతాయి. ఫోన్ మాట టవరుకి వినిపిస్తోందా లేదా అన్నది వాటిలో ఉండదు. టవరు పదుల వాట్ల పవర్‌తో పంపుతుంది. మీ చేతిలో ఫోన్ పంపేది మహా అయితే వాటులో అయిదో వంతు, 200 మిల్లీవాట్లు. ద్వారకానగర్‌లో వీధికో టవరు ఉంటుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు. ఒడ్డు నుంచి ముప్పై కిలోమీటర్లు లోపలికి వెళ్తే తెలుస్తుంది.

నా దగ్గర ఎంటెక్ చేసిన కుర్రాడొకడు చేపల వేటకెళ్లే కుటుంబం నుంచి వచ్చాడు. వాళ్ల మామయ్య సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఒకసారి హార్బర్లో ఆయన్ని కలిస్తే, ‘గీతలు రెండు కనబడతాయి మేడంగారూ, మాట మాత్రం ఎల్లదు’ అన్నాడు. ఫోన్ నుంచి టవరుకి పోయే దారిని అప్‌లింక్ అంటాం. మేం అప్‌లింక్ బడ్జెట్ అని రెండు క్లాసులు చెప్పేది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

దానికి ఆయన చేసుకున్న ఉపాయం ఇంకా బాగుంది. ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, నీళ్లు పడకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, తాడు కట్టి జెండా గెడ పైకి లాగేస్తాడు. కింద కళాసీలు తమ ఫోన్లలో వై-ఫై పెట్టుకుని ఇంటికి వాయిస్ మెసేజ్‌లు పంపుతారు. ఇది ఎందుకు పనిచేస్తుందో లెక్క కడదాం. విద్యార్థులు రాసుకోండి. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. గాలి తరంగాన్ని కొంచెం వంచుతుంది, ఆ వంపు కూడా 4.12లో కలిసే ఉంది. రెండు కొసల దూరాలూ కూడాలి. టవరు ఎత్తు 36 మీటర్లు, ఫోన్ నీటికి మీటరు ఎత్తున ఉందనుకుంటే 29 కిలోమీటర్లు. అదే ఫోన్ 9 మీటర్ల గెడ మీదికెక్కితే 37. ఒక ప్లాస్టిక్ సంచి, కాస్త తాడు, ఎనిమిది కిలోమీటర్లు. ఇంత చవకైన రిలే నోడ్, అంటే మధ్యలో మాట అందించే పరికరం, మా డిపార్టుమెంటులో లేదు.

మన ఊరికి కొండలు కూడా ఉన్నాయి. 225 మీటర్ల ఎత్తున యాంటెన్నా పెట్టి సముద్రం వైపు తిప్పితే, అదే ఒక మీటరు ఎత్తున్న ఫోన్‌కి 66 కిలోమీటర్లు వస్తుంది. 2జీలో ఎంత ఎత్తు పెట్టినా మామూలుగా 35 కిలోమీటర్లు దాటేది కాదు. తరంగం చేరడంలో అంతకు మించిన ఆలస్యాన్ని ఆ ప్రమాణం సర్దుకోలేదు. 4జీ ప్రమాణంలో వంద కిలోమీటర్ల దాకా వీలుంది. వీలుండీ ఎందుకు జరగదంటే, యాంటెన్నాలను ఊరి వైపు తిప్పి కిందకు వంచి పెడతారు. పక్క టవరుతో గొడవ పడకుండా అలా వంచాలి, అది ఇంజనీరింగ్. సముద్రం వైపు ఒక్కటీ తిప్పకపోవడం మాత్రం ఇంజనీరింగ్ కాదు, అలల మీద రీఛార్జ్ చేయించుకునేవాళ్లు తక్కువని.

ఆ కుర్రాడి సంగతి చెబుతున్నాను కదా. మామయ్య బోటులో ఒక సీజనంతా తిరిగాడు. ఫోన్‌లో లాగర్ యాప్ పెట్టి, ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర సిగ్నల్ ఎంత ఉంది, పంపిన మెసేజ్ వెళ్లిందా లేదా అన్నీ నమోదు చేశాడు. కొన్ని సాయంత్రాలు లెక్క ప్రకారం అందకూడని చోట సిగ్నల్ అందింది. సముద్రం మీద నీళ్లు ఆవిరై తేమ పొర ఏర్పడుతుంది. ముఖ్యంగా 3 గిగాహెర్ట్జ్ పైన, తరంగం ఆ పొరలో చిక్కుకుని దిగంతం దాటి పోగలదు. మన దేశంలో 5జీ ప్రధానంగా నడిచేది 3.3 గిగాహెర్ట్జ్ పైనే. అంటే ఇది బంగారం లాంటి డేటా. పేపరు రాసి ఒక జర్నల్‌కి పంపాం. పేరు చెప్పను.

చాలా నెలలకు జవాబొచ్చింది. ‘నవ్యత లేదు. సిమ్యులేషన్ ఫలితాలు జతపరచలేదు. పడవల కదలికకు ర్యాండమ్ వేపాయింట్ మోడల్ వాడి మళ్లీ పంపగలరు.’

సిమ్యులేషన్ అంటే కంప్యూటర్లో నడిపే ఉత్తుత్తి నమూనా. ర్యాండమ్ వేపాయింట్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక నోడ్, ఇక్కడ పడవ అనుకోండి, ఏదో ఒక చోటు ఎంచుకుంటుంది, ఏదో ఒక వేగంతో అక్కడికి పోతుంది, కాసేపు ఆగి మళ్లీ ఇంకో చోటు ఎంచుకుంటుంది. ఏ సరంగైనా అలా తిరుగుతాడా? డీజిల్ ఎవరిస్తారు? నీటి వాటం, బారల లోతు, కిందటిసారి చేప ఎక్కడ పడింది, ఇవి చూసుకుని నలుగురూ ఒక జట్టుగా కదులుతారు. పైగా ఆ మోడల్‌ను మామూలుగా వాడే పద్ధతిలో సిమ్యులేషన్ సాగేకొద్దీ నోడ్ల సగటు వేగం పడిపోతూ వస్తుందని 2003లోనే ఇన్ఫోకామ్ సదస్సులో చూపించారు. ఇన్నేళ్లయినా అదే వాడమంటున్నారు.

ఆఖరికి కుర్రాడు విసిగిపోయి, బోటు పక్కన పెట్టి, గదిలో కూర్చుని అంతా సిమ్యులేషన్‌గా మార్చి వేరేచోటికి పంపాడు. వెంటనే తీసుకున్నారు. అందులో బంగాళాఖాతం లేదు.

ఇది ఒక్క జర్నల్ పాపం కాదు. ఈ హాల్లో ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది. మీలో ‘ఇంప్రూవ్డ్ లీచ్’ మీద ప్రాజెక్టు చేసినవాళ్లు? నవ్వకండి, ఎత్తండి. లీచ్ ప్రోటోకాల్, అంటే సెన్సర్లు కబురు పంపుకునే నియమాలు, 2000 సంవత్సరంలో వచ్చింది. సెన్సర్ల బ్యాటరీ ఆదా చేయడానికి మంచి ఆలోచన. ఆ తర్వాత వంద మీటర్ల చదరంలో వంద నోడ్లు చల్లి దాన్ని ఇంకో పది శాతం బాగుచేశామన్న పేపర్లు మన కాలేజీల్లో ఎన్ని గుట్టలుగా వచ్చాయో! ఆ వంద నోడ్లను నేల మీద చూసినవాళ్లు ఎవరూ లేరు. కాలేజీ గేటు నుంచి హార్బర్‌కి ఆటోలో వెళ్లొచ్చు.

ఇదే ఊళ్లో, వాల్తేరు కొండ మీద, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు, ఆయన శిష్యులు ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పొర అయనోస్ఫియర్‌ను కొలిచారు. మన తలమీద అసలు ఏముందో చూశారు. ఆ ఊరివాళ్లం మనం.

చీటీ వచ్చింది, ఇంకా పది నిమిషాలేనట. టెరాహెర్ట్జ్ స్లైడ్లు వదిలేస్తున్నాను. గదిలో గోడ దాటని తరంగం గురించి ఇంకోసారి చెప్పుకోవచ్చు.

6జీలో ఒక్క సంగతే చెబుతాను. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2023లో దానికి చట్రం గీసింది. అందులో చెప్పిన ఆరు వినియోగాల్లో ఒకటి అన్నిచోట్లా అందే కనెక్షన్. అంటే వేగం ఒక్కటే కొలత కాదని వాళ్లూ ఒప్పుకున్నారు. అంతకు ముందే 2022లో, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ కూటమి రిలీజ్ 17లో ఉపగ్రహాన్ని సెల్ నెట్‌వర్క్‌లో భాగం చేశారు. కింది కక్ష్యలోని ఉపగ్రహం సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. ఆ వేగానికి 2 గిగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ 48 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. 5జీ సిగ్నల్‌ను పంచుకుని మోసే సన్నని పాయలు, అంటే ఉపవాహకాల, మధ్య ఎడం 15 కిలోహెర్ట్జ్ అయితే, మూడు దాటి పోయినట్టు. అందుకని ఫోన్ తన చోటు, ఉపగ్రహం దారి రెండూ తెలుసుకుని ముందే సర్దుకుని పంపుతుంది. 2025 డిసెంబరులో మన శ్రీహరికోట నుంచే ఎల్‌వీఎం3 రాకెట్ ఆరు టన్నుల బ్లూబర్డ్ ఉపగ్రహాన్ని తీసుకెళ్లింది. దాని యాంటెన్నా సుమారు 223 చదరపు మీటర్లు. ఎందుకంత? మామూలు ఫోన్ పంపే ఆ 200 మిల్లీవాట్లను వినాలంటే అంత చెవి కావాలి. చూశారా, మళ్లీ అప్‌లింక్ దగ్గరికే వచ్చాం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. 2019లో వేట బోట్ల కోసం జెమిని పరికరం వచ్చింది. జీపీఎస్‌ను సరిదిద్దే మన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా తుపాను హెచ్చరికలు, చేపల జాడ బ్లూటూత్‌తో ఫోన్‌కి అందుతాయి. మంచి పరికరమే, కానీ వినడమే తప్ప తిరిగి చెప్పడానికి లేదు. తర్వాత రెండువైపులా చిన్న సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లు లక్ష పడవలకు ఇచ్చే పథకం 2024లో దేశమంతా మొదలైంది. సంతోషం. ఆపదలో అది ప్రాణం కాపాడుతుంది. కానీ కూతురికి జ్వరం తగ్గిందా అని అడగడానికి అది దారి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి టవర్లకు కరెంటు పోయి, ఫైబర్ తెగి, మన వాళ్లు ఎలా ఉన్నారో తెలియక మనం ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందా? మనకది కొద్దిరోజులు. బోట్ల మీది వాళ్లకు ప్రతి వేటా అంతే.

ఉపగ్రహం మామూలు ఫోన్ దాకా వచ్చేలోపు చేయగలిగింది కూడా ఉంది. ఊరెళ్లేవాడితో కబురు పంపినట్టు, ఒడ్డుకి తిరిగొచ్చే బోటు దారిలో ఎదురైన బోట్ల మెసేజ్‌లు మోసుకురావచ్చు. దీన్ని డిలే టాలరెంట్ నెట్‌వర్కింగ్ అంటారు. గ్రహాంతర ఇంటర్నెట్ కోసం పుట్టిన ఆలోచన. దాని బండిల్ ప్రోటోకాల్ ఏడో వెర్షన్ 2022లో ప్రమాణమైంది. 2024లో నాసా ప్రయోగించిన పేస్ ఉపగ్రహం సముద్రాలను చూస్తూ ఆ డేటాను ఈ పద్ధతిలోనే పంపుతోంది. సముద్రాన్ని చూసే ఉపగ్రహానికి దక్కింది, సముద్రం మీదివాడికి దక్కలేదు. కేరళలో అమృత విశ్వవిద్యాపీఠం వాళ్లు ఓషన్‌నెట్ పేరుతో లాంగ్ రేంజ్ వై-ఫైని నిజం బోట్ల మీద పెట్టి పరీక్షించారు. అలకు బోటు ఊగితే యాంటెన్నా గురి తప్పుతుంది, ఆ తలనొప్పి బోటెక్కితేనే తెలుస్తుంది.

2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. సముద్రం కింద కేబుళ్లు మన తీరానికే వస్తాయట. రానివ్వండి, నేనూ సంతోషిస్తాను. సముద్రం అడుగున టెరాబిట్లు పారే చోట, సరిగ్గా దాని పైన తేలే బోటులో ఒక వాయిస్ మెసేజ్ వెళ్లకపోవడం ఈ ఊళ్లో ఇంజనీర్లం అనిపించుకునే మనకు కుదురుతుందా?

కాబట్టి ఇక పని సంగతి. వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది. బోట్లు జెట్టీలోనే ఉన్నాయి, సరంగులు తీరికగా ఉన్నారు. యాంటెన్నా బిగించాలన్నా, ఏది ఎక్కడ పెడితే వలకు అడ్డం రాదో అడగాలన్నా ఇదే అదను. మన దేశంలో 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండుకి లైసెన్సు అక్కర్లేదు, తక్కువ కరెంటుతో దూరం పంపే లోరా రేడియో బోర్డులు విద్యార్థుల బడ్జెట్‌లోనే వస్తాయి. కొందరు బోటు యజమానులు తమ బోట్లు ఎక్కనిస్తామన్నారు, వాళ్లు కుడివైపు మూడో వరసలో కూర్చున్నారు. పేర్లు బయట రిజిస్టర్లో రాయండి. మీ ప్రాజెక్టు గైడ్లు ఒప్పుకోకపోతే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను. డేటా ఎవరిదైనా అందరికీ తెరిచి ఉంచాలి, అదొక్కటే షరతు.

వెళ్లేవాళ్లు వాంతుల మాత్ర బోటు కదలకముందే వేసుకోండి, కదిలాక వేసుకుంటే లాభం లేదు. ఇక ప్రశ్నలు అడగండి. టెరాహెర్ట్జ్ మీదైనా సరే, చెబుతాను.