కథ చెప్పేది డిటెక్టివ్ కాదు, పక్కనున్న ఫ్రెండు

అమ్మాయి: అందరికీ నమస్కారం. ఈ వారం డిటెక్టివ్ కథలు. అదీ మొట్టమొదటివి. ఎప్పట్లాగే మా బాబాయి ఉన్నాడు. బాబాయ్, ముందే చెప్పు, హంతకుడెవరో బయటపెట్టేస్తావా?

బాబాయి: ఆ మొట్టమొదటి కథ అచ్చయి నూట ఎనభై ఏళ్లు దాటిందమ్మా. ఇంకెన్నాళ్లు దాచమంటావు?

అమ్మాయి: విన్నారుగా. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేసి, చదివొచ్చి వినండి.

బాబాయి: 1841 ఏప్రిల్, ఫిలడెల్ఫియా. గ్రాహమ్స్ మ్యాగజైన్ అని ఒక మాసపత్రిక. అందులో ఎడిటర్‌గా ఉన్న ఎడ్గార్ అలన్ పో ఆ పత్రికలోనే ఒక కథ వేశాడు, 'ది మర్డర్స్ ఇన్ ది ర్యూ మోర్గ్'. రాసింది అమెరికాలో, కథ నడిచేది పారిస్‌లో.

అమ్మాయి: పారిస్ ఎందుకు?

బాబాయి: విడాక్ వల్లనేమో అని నా అనుమానం. దొంగగా జైళ్లు తిరిగి, తర్వాత పారిస్ పోలీసుల్లో నేర పరిశోధక విభాగానికి పెద్ద అయినవాడు. 1828లో ఆయన జ్ఞాపకాలు అచ్చయ్యాయి, బాగా చదివారు జనం. పో కథలో డిటెక్టివ్ పేరు డ్యూపాన్, వాడు విడాక్‌ని పేరుపెట్టి మరీ తీసిపారేస్తాడు. ఊహ బాగానే ఉంది, ఓపికా ఉంది, కానీ దేన్నైనా మరీ కళ్లకు ఆనించుకుని చూస్తాడు, అందుకే తప్పుతాడు అని.

అమ్మాయి: అసలు అంతకుముందు ఇలాంటివి లేవా? మన మర్యాద రామన్న కథలున్నాయిగా.

బాబాయి: ఉన్నాయి. కానీ రామన్న ఏం చేస్తాడు? ఉచ్చు పన్నుతాడు, దొంగ తనంతట తాను దొరికిపోతాడు. విని మెచ్చుకుంటాం తప్ప, వింటున్న మన చేతికి ఆధారాలు రావు. 1747లో ఫ్రెంచి రచయిత వోల్టేర్ 'జాడిగ్' అనే కథలో ఇంకాస్త దగ్గరికొచ్చాడు. ఇసుకలో జాడలు చూసి, రాణిగారి కుక్క కుంటుతోందని, ఈమధ్యే పిల్లల్ని పెట్టిందని చెప్పేస్తాడు జాడిగ్, దాన్ని కంటితో చూడకుండానే. పాపం, అంత చెప్పినందుకు వాడికే జరిమానా పడుతుంది.

అమ్మాయి: మరి పో కొత్తగా చేసిందేంటి?

బాబాయి: సాక్ష్యాలన్నీ మన ముందు పెట్టాడు. నాలుగో అంతస్తులో గది, తలుపుకు లోపల తాళం. తల్లీ కూతుళ్లు హత్యకు గురయ్యారు. నాలుగు వేల ఫ్రాంకుల బంగారం మాత్రం నేల మీద అలాగే ఉంది. డ్యూపాన్ సాక్షుల మాటల్ని పేపర్లో చదువుతాడు, అదే పేపరు మనమూ చదువుతాం. లోపల రెండు గొంతులు వినపడ్డాయంటారు సాక్షులు. ఒకటి ఫ్రెంచివాడిది, అందులో గొడవ లేదు. రెండోది కీచుగొంతు. డచ్చివాడు అది ఫ్రెంచి అన్నాడు. ఇంగ్లీషువాడు జర్మన్ అన్నాడు. స్పెయిన్ వాడు ఇంగ్లీషు అన్నాడు. ఇటలీవాడు రష్యన్ అన్నాడు.

అమ్మాయి: అంటే ప్రతివాడూ తనకు రాని భాష పేరే చెప్పాడు!

బాబాయి: అదే! పోలీసులు ఆ గొంతు ఏ దేశానిదా అని కొట్టుకుంటున్నారు. డ్యూపాన్ ఒక్కడే అడిగాడు, ఇంతమంది ఉండి ఒక్కడు కూడా 'అది నా భాషే' అనలేదేంటి అని. అసలది మనిషి గొంతేనా?

అమ్మాయి: ఒరాంగుటాన్.

బాబాయి: చెప్పేశావా! ఒక నావికుడు బోర్నియో నుంచి తెచ్చిన ఒరాంగుటాన్, వాడి దగ్గర్నుంచి తప్పించుకుంది. నిజం చెప్పనా, ఆ ముగింపు నాకు కాస్త నవ్వొస్తుంది. కానీ గొంతుల దగ్గర మాత్రం ఎన్నిసార్లు చదివినా పో తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

అమ్మాయి: నువ్వే ఒకసారి అన్నావు, పోకే ఆ తెలివి మీద అంత గురి లేదని.

బాబాయి: 1846లో ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ ఒప్పుకున్నాడు. విప్పడానికే అల్లిన వలను అల్లినవాడే విప్పితే అందులో గొప్పేముంది, జనం డ్యూపాన్ తెలివిని రచయిత తెలివి అనుకుంటున్నారు అని. మరి అల్లినవాడూ విప్పేవాడూ ఒకడేనని చదివేటప్పుడు మనకెందుకు గుర్తురాదు? మధ్యలో ఇంకొకడున్నాడు కాబట్టి. డ్యూపాన్ పక్కనుండే ఫ్రెండు. పేరు కూడా లేదు వాడికి. కథంతా వాడే చెబుతాడు, మనలాగే తెల్లబోతాడు. పో కనిపెట్టింది డిటెక్టివ్‌ని కాదు, ఆ ఫ్రెండుని అంటాను నేను.

అమ్మాయి: ఇది కొంచెం ఎక్కువైంది బాబాయ్. ఆ ఫ్రెండు రెండో కథలోనూ ఉన్నాడు, మరి అది అంత బాగా కుదరలేదుగా?

బాబాయి: 'మేరీ రోజే'నా? మంచి ప్రశ్న. అక్కడ వల పోది కాదు. 1841 జూలైలో న్యూయార్క్‌లో చుట్టల దుకాణంలో పనిచేసిన మేరీ రోజర్స్ శవం హడ్సన్ నదిలో దొరికింది. పో ఆ కేసుని పేర్లు మార్చి, పారిస్‌కి తీసుకెళ్లి, డ్యూపాన్ చేత విడమరిపించడానికి కూర్చున్నాడు. 1842 చివర్లో విడతలుగా అచ్చవుతోంది. మధ్యలో, నది ఒడ్డున సత్రం నడిపే ఆవిడ చనిపోతూ వేరే సంగతి చెప్పిందని, గర్భస్రావం వికటించి ఆ అమ్మాయి చనిపోయిందని పేపర్లలో వచ్చింది.

అమ్మాయి: అయ్యో, కథ సగంలో ఉండగానా!

బాబాయి: టెన్షన్ పడే ఉంటాడు. తర్వాత 1845లో పుస్తకంగా వేసినప్పుడు అక్కడక్కడా మాటలు మార్చి, ఆ దారికీ చోటుండేలా సర్దుకున్నాడు. నిజం కేసు ఇప్పటికీ తేలలేదు. ముడి మనది కానప్పుడు పక్కన ఎంతమంది ఫ్రెండ్సుంటే ఏం లాభం?

అమ్మాయి: ఇక షెర్లాక్ హోమ్స్ దగ్గరికి రా. ఆయన డ్యూపాన్ని చాలా తక్కువవాడు అంటాడుగా?

బాబాయి: 1887లో, మొదటి నవలలోనే. హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్‌కి మాత్రం పో మీద బోలెడు గౌరవం. ఆ నవల హక్కులకి ఆయనకు ముట్టింది 25 పౌండ్లు. అసలు ఊపు 1891 జూలైలో, స్ట్రాండ్ మ్యాగజైన్లో చిన్న కథలు మొదలయ్యాక. డాయిల్ లెక్క చాలా సింపుల్: సీరియల్ అయితే ఒక సంచిక తప్పిపోయినవాడు ఇక చదవడు. అదే మనిషి ప్రతిసారీ వస్తూ, ఏ కథకా కథ అక్కడే పూర్తయితే?

అమ్మాయి: ఇప్పటి వెబ్ సిరీసుల్లోనూ ఎపిసోడ్‌కో కేసు ఉండేవి ఉన్నాయి.

బాబాయి: ఆ లెక్కే. మన కొమ్మూరి సాంబశివరావు గారు నవలలే రాశారు గానీ, అక్కడా డిటెక్టివ్ యుగంధర్ పక్కన అసిస్టెంట్ రాజు ఉంటాడు. ఇందాక ఎక్కువైంది అన్నావు కదా, నా సాక్షి హోమ్సే. హోమ్స్ కథలు మామూలుగా ఆయన ఫ్రెండు వాట్సన్ చెబుతాడు. 1926లో 'బ్లాంచ్డ్ సోల్జర్' అనే కథ మాత్రం హోమ్స్ తనే చెబుతాడు. చెబుతూ చెబుతూ నా వాట్సన్ లేని లోటు ఇక్కడే తెలుస్తోంది, వాడు అడిగే ప్రశ్నలతో, వాడి ఆశ్చర్యంతో నా మామూలు పని కూడా అద్భుతంలా కనిపించేది అని వాపోతాడు.

అమ్మాయి: సరే, ఒప్పుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది చదవాలి?

బాబాయి: పో మూడో డ్యూపాన్ కథ, 'ది పర్లాయిన్డ్ లెటర్'. రక్తం లేదు, శవం లేదు. ఒక ఉత్తరం పోయింది, ఎవరు తీశారో అందరికీ తెలుసు, ఎక్కడ పెట్టాడో తెలీదు. పోలీసులు కుర్చీ కాళ్లు కూడా వదలకుండా వెతుకుతారు. అది ఎక్కడుందో మాత్రం చెప్పను.

అమ్మాయి: ఒరాంగుటాన్ని నేను చెప్పేశానని కోపమా?

బాబాయి: మరే. తర్వాత 'ర్యూ మోర్గ్'. అందులో మొదటి పేజీలన్నీ చదరంగం గొప్పా, పేకాట గొప్పా అని ఉపన్యాసం. విసుగొస్తే నిరభ్యంతరంగా దాటేయండి, గొంతుల దగ్గర మాత్రం ఆగండి.