నీలగిరి కొండ రైలు: వెనక నుంచి నెట్టే ఆవిరి ఇంజన్

మెట్టుపాళయం నుంచి ఊటీ వెళ్ళే నీలగిరి కొండ రైలును ఇప్పుడు మీరు తెరమీద చూస్తున్నారు. ఇంజన్ ముందు లేదు. పెట్టెల వెనక ఉండి వాటిని కొండ మీదికి నెడుతోంది. ఎక్కుడులో ఏ పెట్టె లంకె ఊడినా అది దిగువకు జారిపోకుండా ఇంజనే అడ్డు నిలవాలన్నది ఇందులోని జాగ్రత్త. అయితే వెనకనున్న డ్రైవరుకు దారి కనబడదు కనుక, పెట్టెల ముందు వసారాలో నిలబడే బ్రేకుమన్లు జెండాలు ఊపి అతనికి సంకేతాలు అందిస్తారు.

ఈ మీటర్ గేజి లైను 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు ప్రారంభమైంది. మొత్తం పొడవు 46 కిలోమీటర్లు. దారిలోని కల్లార్ స్టేషన్ దాటాక కొన్నిచోట్ల పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతుంది. అంతటి ఎక్కుడులో నున్నటి ఇనుప చక్రానికి పట్టు చాలదు. అందుకే పట్టాల నడుమ రెండు పళ్ళ పట్టీలను పక్కపక్కనే, ఒకదాని పన్ను రెండోదాని సందుకు ఎదురుగా వచ్చేలా బిగించారు.

స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో తయారైన ఎక్స్ తరగతి ఇంజన్ల అసలు నేర్పు ఇక్కడే ఉంది. వీటికి నాలుగు సిలిండర్లు. మామూలు పట్టాల మీద కింది రెండే పనిచేస్తాయి. పళ్ళ పట్టీ మీదికి రాగానే, కింది సిలిండర్లలో ఒకసారి పనిచేసిన ఆవిరిని వృథాగా వదలకుండా పై సిలిండర్లలోకి మళ్ళిస్తారు. ఆ తగ్గిన ఒత్తిడితోనే అవి, పట్టీల పళ్ళను పట్టుకుని పైకెక్కే ఇంజను పళ్ళ చక్రాలను తిప్పుతాయి. పక్క నుంచి చూస్తే పై సిలిండర్ల కడ్డీలు కిందివాటికి ఎదురు దిశలో, ఇంకా వేగంగా తిరుగుతుంటాయి. నన్నడిగితే ఈ ప్రయాణంలో లోయల కన్నా చూడదగ్గది అదే.

2002 నుంచి కొన్ని ఇంజన్లను బొగ్గుకు బదులు చమురుతో నడిచేలా మార్చారు; ఆ తర్వాత తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపు ఇదే నమూనాలో కొత్త ఇంజన్లను కూడా తయారుచేసింది. పాతదనం పోయిందని కొందరు నొచ్చుకుంటారు గాని, కొండెక్కుతూ ఉండటమే ఈ ఇంజనుకు నిజమైన సంరక్షణ.

కూనూరు పైన పళ్ళ పట్టీ లేదు. అక్కడి నుంచి సాధారణంగా డీజిల్ ఇంజనే రైలును నడుపుతుంది. కాబట్టి ఆవిరి ఇంజన్ కోసమే వెళ్ళేవారు ఊటీ, కూనూరు మధ్య టికెట్టు కొనకుండా మెట్టుపాళయంలోనే రైలెక్కాలి.