బెల్లం కొండకి శిక్ష వెయ్యకండి

అధ్యక్షులవారికి, పెద్దలకి, ముందు వరసలో నేలమీద కూచున్న పిల్లలకి నమస్కారం. బాలసాహిత్యంలో కల్పన గురించి చెప్పమన్నారు. అధ్యక్షులవారు ఇప్పటికే గడియారం చూస్తున్నారు కాబట్టి, తినగలిగే కొండల గురించి మాత్రం చెబుతాను.

మనకిది కొత్త కాదు. పురాణాల్లో సప్తసముద్రాలున్నాయి కదా. ఉప్పుది మన విశాఖ ఆర్కే బీచిలో ఉంది. తక్కినవి చెరకురసం, సుర, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్లు. (సుర అనగానే వెనక వరస నవ్వింది, చూశాను.) విష్ణుపురాణంలో నేరేడుపళ్లు ఏనుగులంతేసి. అవి కొండమీద రాలి చితికితే ఆ రసమే జంబూనది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో రొట్టె ఇల్లుంది, దానికి పంచదార కిటికీలు. ఆ ఇంటిని కొరికిన పిల్లలెవరు? ఇంట్లో తిండి గడవక అడవిలో వదిలేసినవాళ్లు! కడుపు నిండినవాడికి తోచే ఇల్లా అది?

నేనూ ఒక బెల్లం కొండ కథ రాశాను. సంపాదకుడొకాయన ఫోన్ చేసి, "మాస్టారూ, బాగుంది. చివర్లో కుర్రాడి పళ్లు పుచ్చిపోయినట్టు రాయండి, నీతి ఉంటుంది" అన్నారు. పళ్లు పుచ్చాలట!

అయ్యా, ఆ కుర్రాడెవడో చెబుతాను వినండి. అనకాపల్లి వైపు చెరకు ఆడే రోజుల్లో బెల్లం వండే చోటికి వెళ్లేవాళ్లం. పెద్ద పెనంలో రసం తెర్లుతుంటే ఒకాయన తెట్టు తీస్తూ ఉండేవాడు. మేం చెరకుముక్క పాకంలో ముంచి, చన్నీళ్లలో పెట్టి, తీగలా సాగదీసుకుని తినేవాళ్లం. అవతల, మా ఈడు గుంటడే, ఎండిన పిప్పి పొయ్యిలోకి ఎగదోస్తూ ఉండేవాడు. కనురెప్పల మీద బూడిద. పాకం దగ్గరికి వస్తే గదమాయించేవారు. దిమ్మలన్నీ లెక్కేసి బండెక్కించేవారు. నా కథలో కొండ వాడిది. వాడు దాన్ని శిఖరం నుంచి కింద దాకా తింటాడు, తిని అరిగించుకుంటాడు. పన్ను కూడా కదలదు. నేను మార్చనన్నాను. ఆ కథ ఇంకా నా బీరువాలోనే ఉంది.

అమ్మలూ, మీరు రాత్రి కథ చెప్పేటప్పుడైనా తీపి తిన్నవాడికి చివర్లో తగిలించే ఆ కడుపునొప్పి, ఆ డాక్టరు ఇంజక్షను తీసెయ్యండి. కూరలు తినమని చెప్పడానికి పగలంతా ఉంది.

ఇంగ్లీషు కథల్లోని చాక్లెట్ నది మనకి అరువెందుకు? పిల్లలూ, డాల్ఫిన్స్ నోస్ కొండ దేంతో చేద్దాం? మాడుగుల హల్వా! సరే. మరి మీదున్న లైట్‌హౌస్? తేగా? భేష్, నిలువుగా ఉంటుంది. ఆ చివరి పాప తల అడ్డంగా ఊపుతోంది. ఏమ్మా, హల్వా వద్దా? మైకు అటివ్వండయ్యా.