అయితే ఏం చూసినట్టు?

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులవారికి, వేదికను అలంకరించిన పెద్దలకు, గ్రంథాలయ కార్యదర్శిగారికి, సాయంత్రపు పనులు మానుకొని వచ్చిన సభాసదులందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు నేను చూసిన నగరాల సంఖ్య చెప్పి మీ చేత చప్పట్లు కొట్టించారు. ఆ నగరాల్లో సగాన్ని నేను విమానాశ్రయానికీ సమావేశ మందిరానికీ మధ్య కారు అద్దంలోంచి మాత్రమే చూశాను. కాబట్టి ఆ చప్పట్లలో సగం మీకు తిరిగి ఇచ్చేస్తున్నాను.

నాకు ఇచ్చిన అంశం ‘మహానగరంలో స్వల్పకాల సందర్శన - సద్వినియోగం’. బయలుదేరే ముందు సన్నాహం, నగరంలో సంచారం, తిరిగి వచ్చాక జ్ఞాపకం అని మూడు భాగాలు రాసుకొని వచ్చాను. కార్యదర్శిగారు ఇరవై నిమిషాలు అన్నారు. మూడో భాగం దాకా వెళ్లగలనన్న నమ్మకం నాకు లేదు, నా సంగతి తెలిసిన కార్యదర్శిగారికి అసలే లేదు.

మొదట కాలం లెక్క చూద్దాం. ‘రెండు రోజులు’ అన్న మాట వినడానికి విశాలంగా ఉంటుంది. నలభై ఎనిమిది గంటల్లో నిద్రకు పద్నాలుగు, స్నానపానాలకూ భోజనాలకూ ఆరు, నగరంలోకి రావడానికీ నగరం విడిచి పోవడానికీ కలిపి ఐదు తీసివేస్తే, మిగిలేవి ఇరవై మూడు గంటలు. అద్దె తక్కువని ఊరి చివర బస చేసి, రోజూ గంట ప్రయాణం చేసి నడిబొడ్డుకు వచ్చి, మళ్లీ గంట ప్రయాణం చేసి తిరిగి వెళ్లేవారికి పందొమ్మిదే మిగులుతాయి. బస విషయంలో పొదుపు చేసేవారు డబ్బును ఆదా చేస్తున్నామనుకుంటూ, తాము అంత దూరం వచ్చింది దేనికోసమో దానినే ఖర్చు పెడుతున్నారని నా అభిప్రాయం.

ఆ కొద్ది గంటల్లో ఒక పూట మూసి ఉన్న తలుపు ముందు పోయిందంటే ఇక చెప్పేదేముంది? పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది, అదే నగరంలోని ఓర్సే మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగిలిన ఆదివారాలు తెరవరు. ఇస్తాంబుల్‌లో తోప్‌కాపీ ప్రాసాదానికి మంగళవారం సెలవు, అక్కడి పెద్ద బజారుకు ఆదివారం సెలవు. తోప్‌కాపీ పేరు దగ్గర నా గొంతు కొంచెం మారినట్టు మీకు అనిపించి ఉంటే, దానికి కారణం తర్వాత చెబుతాను. మూసిన తలుపులకు విరుగుడు కూడా ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం శుక్రవారం రాత్రి పది గంటల దాకా తెరిచి ఉంటుంది. పగటి జనమంతా తగ్గిన ఆ వేళ లోపల గడిపే రెండు గంటలు, మధ్యాహ్నం గడిపే నాలుగు గంటల పెట్టు.

అయితే తెరిచి ఉన్నంత మాత్రాన అంతా చూడగలమా? లూవ్ర్‌లో ప్రదర్శనకు పెట్టిన కళాఖండాలు సుమారు 35 వేలు. ఒక్కొక్కదాని ముందు అర నిమిషం నిలబడినా దాదాపు 292 గంటలు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే ముప్పై ఆరు రోజులు దాటుతుంది. అంటే రెండు రోజులకు వెళ్లినవాడూ, నెల రోజులకు వెళ్లినవాడూ ఇద్దరూ అంతా చూడకుండానే తిరిగి వస్తారు. ఇద్దరిలో నెల రోజులవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. రెండు రోజులవాడికి ముందే తెలుసు కాబట్టి, ఏది విడిచిపెట్టాలో తేల్చుకొనే స్వేచ్ఛ అతనికే ఎక్కువ. నేను ఈ సభకు వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే.

మీలో ఎంతమంది కొత్త నగరానికి వెళ్లేటప్పుడు చూడవలసిన స్థలాల జాబితా ఒకటి జేబులో పెట్టుకొని వెళ్లారు? దయచేసి చేతులెత్తండి. సరే, దించండి. ఆ జాబితాను మీ కోసం మీరే తయారు చేసుకున్నవారు ఎంతమంది? చూశారా, వెనుక వరుసలో ముగ్గురు.

పందొమ్మిదో శతాబ్దంలో కార్ల్ బేడెకర్ అనే జర్మన్ ప్రచురణకర్త యాత్రికుల కోసం కరదీపికలు ప్రచురిస్తూ, తప్పక చూడవలసిన వాటి పక్కన నక్షత్రం గుర్తు వేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ నక్షత్రమే ఇప్పుడు మన ఫోన్లలో ఐదు నక్షత్రాలై కూర్చుంది. బేడెకర్ నక్షత్రాన్ని నేను తప్పు పట్టను. యాత్రికుడికి తెలియనిది తెలియజెప్పడం ఆయన ఉద్దేశం. మా బావగారి జాబితా ఉద్దేశం వేరు.

నేను ఇస్తాంబుల్‌లో ఉన్నది నలభై ఒక్క గంటలు. 2006లో ఉద్యోగరీత్యా వేరే దేశానికి వెళ్లి వస్తూ, దారిలో అక్కడ ఆగే అవకాశం దొరికింది. మా బావగారు అంతకు ముందే ఆ నగరం చూసి వచ్చినవారు. ఆయన ఎంతో ప్రేమతో, స్వహస్తాలతో, పద్నాలుగు స్థలాలను వరుస సంఖ్యలతో రాసి ఇచ్చారు. దిగిన రోజు ఉదయం నేను మొదటి సంఖ్యకు వెళ్లాను. అది తోప్‌కాపీ. ఆ రోజు మంగళవారం. వారం సంగతి ఆ కాగితంలో లేదు, నేనూ కనుక్కోలేదు, తప్పు పూర్తిగా నాదే. అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా జాబితాలోని మూడు స్థలాలను బయటి నుంచి చూసి, పెన్నుతో టిక్కు పెట్టాను. ఆ మూడింటిలో రెండింటి పేర్లు నాకు ఇప్పుడు గుర్తు లేవు. టిక్కు పెట్టిన పెన్ను నీలం రంగుదని మాత్రం గుర్తుంది.

కాళ్లు నొప్పి పుట్టి ఎమినోను రేవు దగ్గర కూలబడ్డాను. ఎదురుగా ఒక ఫెర్రీ బయలుదేరబోతోంది. ఎక్కడికి పోతుందో తెలియకుండానే ఎక్కాను. అది బాస్ఫరస్ జలసంధి దాటి, ఆసియా ఒడ్డున ఉన్న కాడికోయ్‌కి వెళ్లే పడవ. ప్రయాణం ఇరవై నిమిషాల పైచిలుకు. పడవ రేవు విడిచిన ఐదు నిమిషాలకు నేను వెనక్కి తిరిగి చూశాను. చూసి, అప్పటిదాకా ఉదయమంతా నేను ఏ ఊళ్లో తిరుగుతున్నానో నాకే తెలియలేదని గ్రహించాను.

దయచేసి మీరు ఆ పడవలో నా పక్కన కూర్చున్నట్టు ఊహించండి. పాత నగరం ఒక ద్వీపకల్పం. ఉత్తరాన గోల్డెన్ హార్న్ అనే ఇరుకైన ఉప్పునీటి పాయ, తూర్పున బాస్ఫరస్, దక్షిణాన మర్మరా సముద్రం. భూమి తగిలేది పడమట ఒక్క వైపే. ఆ ఒక్క వైపు కాపాడుకోవడానికి ఐదో శతాబ్దంలో రెండో థియోడోసియస్ చక్రవర్తి కాలంలో కట్టిన గోడలే వెయ్యేళ్లు నగరాన్ని నిలబెట్టాయి. ఆ కొన మీద తోప్‌కాపీ, దాని వెనుక ఒకప్పటి మహా చర్చి హగియా సోఫియా గుమ్మటం, ఆ వెనుక నీలి మసీదు ఆరు మినార్లు వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి నీటి మీదికి వచ్చి నిలబడతాయి. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 330లో తన రాజధానిని ఇక్కడే ఎందుకు ప్రతిష్ఠించాడో నేను బడిలో కంఠస్థం చేశాను. పడవలో అర్థం చేసుకున్నాను. ఈ రెండు పనులకూ మధ్య నలభై ఏళ్లు గడిచాయి.

పడవ చేరిన కాడికోయ్ సంగతి ఇంకా విచిత్రం. అది ప్రాచీన కాల్సిడాన్ నగరం. ఎదుటి ఒడ్డున ఇస్తాంబుల్ తొలి రూపమైన బైజాంటియం వెలియడానికి పదిహేడేళ్ల ముందే గ్రీకు వలసదారులు దానిని స్థాపించారు. ఆ సంగతి విన్న మెగబాజస్ అనే పారశీక సేనాని, అలాంటి చోటు ఎదురుగా కనబడుతుండగా ఇటువైపు ఊరు కట్టుకున్నారంటే ఆ మనుషులు గుడ్డివాళ్లై ఉండాలన్నాడని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. తిరిగి వచ్చాక ఆ సంగతి చదివి ఒక్కణ్ణే చాలాసేపు నవ్వుకున్నాను. ఉదయమంతా ఆ చోటు మీదే తిరిగి, అది కనబడడానికి గుడ్డివాళ్ల ఊరికి పడవ ఎక్కవలసి వచ్చింది నాకు.

ఆ సాయంత్రం నేను ఆ జలసంధిని నాలుగుసార్లు దాటాను. చీకటి పడేదాకా దిగలేదు.

మర్నాడు జాబితా తీయలేదు. పడవలోంచి చూసినప్పుడు గోల్డెన్ హార్న్‌కు అవతలి ఒడ్డున, గలాటా వైపు గుట్ట ఒకటి నా మనసులో పడింది. 1453లో గోల్డెన్ హార్న్ ముఖద్వారానికి అడ్డంగా గొలుసు కట్టి ఉండగా, నగరాన్ని ముట్టడించిన ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మెద్ సుమారు డెబ్బై ఓడలను బాస్ఫరస్ ఒడ్డు నుంచి నేల మీదుగా ఆ గుట్ట ఎక్కించి, అవతల పాయలోకి దింపాడు. ఓడలు సరిగ్గా ఏ దారిన వెళ్లాయన్న దానిలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ఏ దారైనా ఎక్కక తప్పదు కదా అనుకొని, బాస్ఫరస్ ఒడ్డున తోపానే దగ్గర మొదలుపెట్టి, గుట్ట ఎక్కి, పాయ ఒడ్డున కాసింపాషా వైపు దిగాను. చేతిలో సంచీ తప్ప మరేమీ లేని నాకే రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. ఆ నిటారు వీధిలో రొప్పుతూ నిలబడినప్పుడు, ఓడలు లాగినవాళ్ల భుజాలు గుర్తొచ్చాయి. ఏ పాఠమూ అంతకు ముందు నాకు ఆ భుజాలను చూపించలేదు. దిగి వచ్చేసరికి విమానానికి నాలుగు గంటలు. హగియా సోఫియా ముందు వరుస పొడవుగా ఉంది. నేను నిలబడలేదు.

తిరిగి వచ్చిన వారానికి బావగారు ఇంటికి వచ్చారు. నేను పడవ సంగతి, గుట్ట సంగతి ఉత్సాహంగా చెబుతూ ఉంటే, అంతా ఓపికగా విని, “హగియా సోఫియా లోపలికి వెళ్లలేదా?” అన్నారు. లేదన్నాను. “అయితే ఏం చూసినట్టు?” అన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా ఆ ప్రశ్నకు సమాధానం చెబుతూనే ఉన్నాను. ప్రతి పెళ్లిలోనూ, ప్రతి గృహప్రవేశంలోనూ, పది మంది కూర్చున్న చోట బావగారు ఈ కథ ఎత్తుతారు. నిజం ఒప్పుకుంటున్నాను, నాకు పశ్చాత్తాపం లేకపోలేదు. 537లో పూర్తయిన, దాదాపు 31 మీటర్ల వ్యాసం గల ఆ గుమ్మటం కింద నిలబడలేదన్న కొరత నాలో ఉంది. కానీ ఆ వరుసలో నిలబడి ఉంటే గుట్ట ఉండేది కాదు. రెండూ కావాలన్నవాడికి నలభై ఒక్క గంటలు చాలవు. నా ఫిర్యాదు ఆ గుమ్మటం మీద కాదు, ఆ ప్రశ్న మీద. చాలామంది నగరంలో తిరుగుతున్నంతసేపూ కళ్లతో చూడరు, తిరిగి వెళ్లాక ఎదురయ్యే ఆ ప్రశ్నకు జవాబులు పోగు చేస్తుంటారు. మీరు యాత్రికుణ్ణి స్వాగతించేటప్పుడు దయచేసి ఆ ప్రశ్న వేయకండి. “ఎక్కడ ఎక్కువసేపు కూర్చున్నావు?” అని అడగండి. ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే, అతను వెళ్లిన చోట కూర్చుంటాడు.

కార్యదర్శిగారు రెండోసారి గడియారం చూశారు. రెండో భాగంలో చెప్పవలసినవి త్వరగా చెబుతాను.

నగరం మొత్తం రూపం కనబడే చోటు ఒకటి ముందు వెతకండి. అది ప్రతిసారీ ఎత్తయిన కట్టడమే కానక్కర లేదు. న్యూయార్క్‌లో మన్‌హట్టన్ కొస నుంచి స్టేటెన్ ఐలండ్‌కు వెళ్లే ఫెర్రీ 1997 నుంచి ఉచితం, ఇరవై ఐదు నిమిషాల్లో స్వేచ్ఛా ప్రతిమ పక్కగా తీసుకుపోతుంది. నీరు అందుబాటులో లేని చోట రైలు ఆ పని చేస్తుంది. టోక్యోలో యామనోటే మార్గం 34.5 కిలోమీటర్ల వలయం, 30 స్టేషన్లు. ఎక్కిన చోటే దిగడానికి గంట పడుతుంది, ఆ గంటలో ఒక్కొక్క స్టేషన్‌కు ఎక్కే మనుషుల వయసూ దుస్తులూ మారిపోవడం చూస్తే, ఏ పేటలో దిగాలో మీకే తెలుస్తుంది.

భూగర్భ రైలు పటాన్ని నమ్మి దూరాలు లెక్క కట్టకండి. విద్యుత్ డ్రాయింగులు గీసే హ్యారీ బెక్ 1931లో లండన్ పటాన్ని అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా గీతలు గీసి తయారు చేశాడు. 1933లో అది ప్రజల చేతికి వచ్చింది. ఎక్కడ రైలు మారాలో చెప్పడానికి అంత చక్కని పటం లేదు, ఎంత దూరమో మాత్రం అది చెప్పదు. లీసెస్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచి పక్క స్టేషన్ కోవెంట్ గార్డెన్‌కు దూరం 260 మీటర్లు. కొత్తవారు మెట్లు దిగి, రైలు కోసం నిలబడి, ఎక్కి, దిగి, లిఫ్టు కోసం నిలబడి పైకి వచ్చేలోగా నడిచేవాడు అక్కడికి చేరి కూర్చొని ఉంటాడు.

మూడో భాగం జ్ఞాపకం గురించి. దాన్ని ఒక్క సంగతితో ముగిస్తాను.

మా బావగారు వచ్చే నెల లండన్ వెళ్తున్నారు. మొదటిసారి, రెండే రోజులు. పోయిన వారం ఇంటికి వచ్చి, “నువ్వు చూసినవాడివి, ఒక జాబితా రాసివ్వు” అన్నారు. ఇరవై ఏళ్లకు దొరికిన అవకాశం. నేను తెల్ల కాగితం తీసుకొని చాలాసేపు ఆలోచించి, ఇలా రాశాను: ‘ఉదయం వెస్ట్‌మినిస్టర్ రేవులో పడవ ఎక్కి, థేమ్స్ మీదుగా గ్రీనిచ్‌లో దిగి, గుట్ట ఎక్కండి. అక్కడి పాత ఖగోళ పరిశోధనశాల శిఖరం మీద, ఒక స్తంభానికి ఎర్రని గోళం ఒకటి ఉంటుంది. రేవులోని నావికులు తమ గడియారాలు సరిచేసుకోవడానికి దానిని 1833లో అమర్చారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు అది స్తంభం సగం దాకా లేస్తుంది, రెండు నిమిషాల ముందు కొసకు చేరుతుంది, సరిగ్గా ఒంటిగంటకు పడుతుంది. అది పడేదాకా అక్కడే కూర్చోండి.’

బావగారు కాగితం అందుకొని, కళ్లజోడు సవరించుకొని, రెండుసార్లు చదివారు. తర్వాత, మిగిలినవి వెనుక వైపు రాశానేమోనని కాగితం తిప్పి చూశారు.

నమస్కారం.