స్టేక్ తినాలంటే చైన్‌కి వెళ్లాలా, పాత స్టేక్‌హౌస్‌కి వెళ్లాలా?

అందరికీ నమస్కారం. కిందటి వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, అమెరికా వచ్చి ఏడాదైంది, ఒక్కసారి మంచి స్టేక్ తినాలి, ఎక్కడికెళ్లమంటావు?" అందుకే ఈ నెలలో స్టేక్, అంటే మందంగా కోసి కాల్చిన బీఫ్ ముక్క, రెండు చోట్ల తిన్నాను. ఒకటి మా న్యూజెర్సీలో టెక్సస్ రోడ్‌హౌస్, ఒకే పేరుతో చాలా ఊళ్లలో ఉండే చైన్ రెస్టారెంట్. రెండోది న్యూయార్క్‌ బ్రూక్లిన్‌లో 1887 నుంచి నడుస్తున్న స్టేక్‌హౌస్ పీటర్ లూగర్.

ముందు రోడ్‌హౌస్. పేరులో టెక్సస్ ఉంది కానీ, 1993లో ఇండియానాలో మొదలైన చైన్ ఇది. లోపలికి అడుగుపెట్టగానే గాజు పెట్టెలో పచ్చి స్టేకులు వరసగా కనిపిస్తాయి. కావాలంటే మీ ముక్క మీరే ఎంచుకోవచ్చు. కూర్చున్న వెంటనే వేడి రోల్స్, దాల్చినచెక్క వెన్న తెచ్చి పెడతారు, వాటికి డబ్బులుండవు. మా చిన్నోడు స్టేక్ వచ్చేలోపే మూడు లాగించేశాడు. ఆరు ఔన్సుల (దాదాపు 170 గ్రాముల) సర్లాయిన్ అనే నడుము వైపు ముక్క, పక్కన తినే రెండు సైడ్స్ కలిపి 20 డాలర్లు అటూ ఇటూ. హోరెత్తే పాటలు, పక్క టేబుల్లో పుట్టినరోజు కేకలు. పిల్లలు అల్లరి చేసినా ఎవరూ తిరిగి చూడరు. నలుగురితో వెళ్లేవాళ్లకి అదెంత హాయో తెలుసు కదా.

ఇక లూగర్. ఇక్కడ తినాల్సింది పోర్టర్‌హౌస్. మధ్యలో టి ఆకారపు ఎముక, ఒక పక్క స్ట్రిప్ అనే ముక్క, ఇంకో పక్క మెత్తటి టెండర్లాయిన్ ముక్క. ముక్కలు కోసి, చిటపటలాడే పళ్లెంలో తెస్తారు. వెయిటర్ ఒక చిన్న సాసర్ బోర్లించి, దాని మీద పళ్లేన్ని ఒక వైపు ఎత్తి పెడతాడు. వెన్న, మాంసం రసం కలిసి కింది అంచుకి జారతాయి. వాటిని చెంచాతో తీసి ముక్కల మీద పోస్తాడు. అసలు రుచంతా ఆ చెంచాలోనే ఉంది.

ఇద్దరికి వంద డాలర్లు దాటిపోతుంది, సైడ్స్ విడిగా కొనాలి. అంత రేటు ఎందుకంటే, ఇది డ్రై ఏజింగ్ చేసిన ప్రైమ్ గ్రేడ్, అంటే అమెరికాలో బీఫ్‌కిచ్చే అన్నిటికన్నా పై గ్రేడ్, మాంసం. డ్రై ఏజింగ్ అంటే చల్లటి గదిలో వారాల తరబడి ఆరబెట్టడం. నీరు పోయి బరువు తగ్గుతుంది, రుచి చిక్కబడుతుంది, ముక్క దానంతటదే మెత్తబడుతుంది. ఈ తేడా రోడ్‌హౌస్‌లో దొరకదు. నాకు మాత్రం లూగర్ ముక్క ముందు అది సాటి రాదు.

అలాగని చైన్ కానిదల్లా గొప్పదనుకోకండి. కిందటేడు పేరు చెప్పని ఒక చోట డెబ్బై డాలర్ల స్టేక్ చల్లారిపోయి వచ్చింది. ఆ రోజు మా పెళ్లిరోజు డిన్నర్ పాడైందని నాకు ఇప్పటికీ బాధే. చైన్‌లో అంత గొప్ప ముక్క రాకపోవచ్చు, కానీ ఇంత దెబ్బా తగలదు.

ఒక్క మాట, దయచేసి వినండి. "వెల్ డన్", అంటే లోపలి దాకా పూర్తిగా కాల్చమని, చెప్పకండి. మన మటన్ కూర ముక్క ఎంత ఉడికితే అంత మెత్తబడుతుంది, ఎందుకంటే అందులో ఉడికితే కరిగే కొల్లాజెన్ (కండని పట్టి ఉంచే గట్టి పదార్థం) ఎక్కువ. స్టేక్ ముక్కలో అది తక్కువ, ఎక్కువ కాలిస్తే బిగుసుకుపోతుంది. స్టేక్ కోస్తే వచ్చే ఎర్రటి రసం రక్తం కాదు, కండలోని మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ కలిసిన నీరు. భయమనిపిస్తే మీడియం, అంటే మధ్యలో కాస్త గులాబీ రంగు ఉండేలా, చెప్పండి.

బీఫ్ ముట్టని అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారా? రోడ్‌హౌస్‌లో చికెన్, సాల్మన్ ఉంటాయి. మన్‌హట్టన్‌లో 1885 నాటి కీన్స్ స్టేక్‌హౌస్ అయితే మటన్ చాప్‌కే పేరు.

కాబట్టి శుక్రవారం సాయంత్రం పిల్లలతో అయితే రోడ్‌హౌస్. ఆ మొదటి స్టేక్ గుర్తుండిపోవాలంటే ఇద్దరే లూగర్‌కి వెళ్లండి. బ్రూక్లిన్ లూగర్‌లో క్రెడిట్ కార్డు తీసుకోరు, డెబిట్ కార్డో క్యాషో జేబులో పెట్టుకోండి, టిప్‌తో సహా లెక్కేసుకుని.