సోమిద చెట్టుకు పేరెవరు పెట్టారు?

సభకు నమస్కారం. పెద్దలకు, అమ్మలకు, ముందు వరసలో బుద్ధిగా కూర్చున్న పిల్లలకు నమస్కారం.

వచ్చే ఆదివారం మన బరంపురం నుంచి నలభై మందిమి భువనేశ్వర్‌లోని ఏకామ్ర కానన్ అనే బొటానికల్ గార్డెన్‌కి వెళ్తున్నాం. టికెట్లు, టిఫిన్ల సంగతి కమిటీవాళ్లు చెప్పేశారు. తోటని ఎలా చూడాలో చెప్పే పని నాకు అప్పగించారు. బళ్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను కాబట్టి ఈ పని నాకు చాలా ఇష్టం.

ముందుగా ఒక పాత సంగతి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఓ ఊళ్లో బొటానికల్ గార్డెన్ చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్లాను. బస్సు ఆలస్యమైంది, చేతిలో గంటన్నరే ఉంది. పరుగులు పెట్టించి మొత్తం తిప్పాను. చివర్లో ఒక పిల్లాడు పెద్ద చెట్టు బెరడు మీద చెయ్యేసి, "సార్, ఇదేటి చెట్టు?" అన్నాడు. చెట్టుకి రేకు బోర్డయితే ఉంది గానీ తుప్పు పట్టి ఒక్క అక్షరం కూడా కనపడలేదు. నాకూ తెలీలేదు. వాడింకేం అడక్కుండా లైన్లోకి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న ఇవాళ్టికీ నన్ను వదల్లేదు.

పార్కుకీ బొటానికల్ గార్డెన్‌కీ తేడా ఆ రేకు ముక్కలోనే ఉంది. పార్కులో చెట్టుని నీడకీ అందానికీ పెంచుతారు. బొటానికల్ గార్డెన్‌లో మొక్కకి చిట్టా ఉంటుంది. ఏ అడవి నుంచి తెచ్చారు, ఎప్పుడు నాటారు, దాని జాతేంటి, కుటుంబమేంటి అన్నీ రాసిపెడతారు. మనం చదివే బోర్డు ఆ చిట్టాకి తలుపులాంటిది. అందుకే ఆదివారం నాడు ఎవరూ బోర్డు చదవకుండా ముందుకి కదలొద్దని నా మనవి.

బోర్డు మీద మనకి కనిపించేది లాటిన్ పేరు. పక్కన ఒడియా పేరో, ఇంగ్లీషు పేరో ఉంటే ఉండొచ్చు. తెలుగు పేరు మాత్రం ఉండదు. అది మన వెంట తీసుకెళ్లాల్సిన పేరు. తునికి చెట్టు దగ్గర 'కెందు' అని ఉంటుంది. గుగ్గిలం చెట్టు దగ్గర 'శాల', ఇప్ప దగ్గర 'మహుల', మోదుగ దగ్గర 'పలాశ' ఉంటాయి. మా మామ్మ ఈ నాలుగు చెట్లనీ దూరం నుంచే పోల్చేది. బడికి వెళ్లిన మనిషి కాదు. మా మనవరాలు ఒడియాలో చదువుతుంది, ఇంగ్లీషులో రాస్తుంది, మాతో తెలుగులో మాట్లాడుతుంది. పిల్ల మూడు భాషల్లోనూ చురుకైనదే, కానీ తునికి అంటే దానికి తెలీదు. కెందు అంటే తెలుసు. బీడీ ఆకు అంటే వెంటనే, "ఓ, అదా!" అంది. మూడూ ఒకే చెట్టని దానికి ఎవరూ చూపించలేదు. నేనూ చూపించలేదు.

మన చెట్ల పేర్లకి ఏపాటి విలువుందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. విలియం రాక్స్‌బర్గ్ అని స్కాట్లండ్ డాక్టరు ఒకాయన ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉండేవాడు. తోట వేసి మిరియాల్లాంటి పంటలు పండించి చూసేవాడు. ఊరివాళ్లని అడిగి చెట్ల పేర్లు రాసుకునేవాడు. 1787లో కోరంగి తీరాన్ని ముంచిన తుపానులో ఆయన కూడబెట్టిన పుస్తకాలు, ఎండబెట్టిన మొక్కలు చాలావరకు పోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకి అధిపతిగా వెళ్లాడు. మన కోరమండల్ తీరం మొక్కల మీద ఆయన రాసిన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా 300 బొమ్మలతో వచ్చింది. అందులో మొక్క తర్వాత మొక్కకి 'తెలింగ' పేరు కనిపిస్తుంది. తెలింగ అంటే మన తెలుగే.

సోమిద చెట్టు బెరడుని జ్వరానికి వాడతారని మనవాళ్ల దగ్గరే ఆయన తెలుసుకున్నాడు. తర్వాతి కాలంలో వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టుకి విడిగా ఒక ప్రజాతి పేరు, అంటే లాటిన్ పేరులో ఇంటిపేరులా ముందుండే ముక్క, పెట్టాల్సి వచ్చినప్పుడు 'సొయ్‌మిడా' అని పెట్టారు. పూర్తి పేరు సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. రెండో ముక్కకి అర్థం జ్వరాన్ని తరిమేది అని. మొదటి ముక్క మన సోమిదే. ప్రపంచంలో ఏ దేశపు బొటానికల్ గార్డెన్‌లోనైనా ఆ చెట్టుంటే, బోర్డు మీద లాటిన్ వేషంలో ఒక తెలుగు మాట ఉంటుంది. పేరు చెప్పిన ఊరివాళ్లెవరో, ఆయన కోసం రెండున్నర వేల పైచిలుకు బొమ్మలు గీసిన మన చిత్రకారులెవరో చరిత్రలో సరిగ్గా నమోదు కాలేదు. అది నాకు బాధగా ఉంటుంది.

రాక్స్‌బర్గ్ పనిచేసిన ఆ కలకత్తా తోట హౌరా దగ్గర శిబ్‌పూర్‌లో ఇప్పటికీ ఉంది. అక్కడి మర్రికి అసలు మానే లేదు. బూజు పట్టి కుళ్లిపోతే 1925లో తీసేశారు. ఊడల మీదే నాలుగున్నర ఎకరాలకు పైగా పరుచుకుని బతుకుతోంది. అది ఇంకో ప్రయాణం, ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఏకామ్ర కానన్‌లో నేను మిమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టేది కాక్టస్ హౌస్‌లో. వెయ్యికి పైగా రకాలున్నాయంటారు. కంగారు పడకండి, పది చూసినా చాలు. పోయినసారి వెళ్లినప్పుడు అక్కడి మాలి నన్ను కూర్చోబెట్టి ఒక కుండీ చేతికిచ్చాడు. ముల్లు పుట్టిన చోట దూది ఉండలాంటి చిన్న మెత్త ఉంది. చూపుడువేలితో మెల్లిగా తాకి చూపించాడు. ఆ మెత్త ఉంటేనే కాక్టస్. అక్కడి నుంచే ముళ్లు, అక్కడి నుంచే పువ్వు. మన పొలం గట్ల మీది బొమ్మజెముడుకి ముళ్లున్నా ఆ మెత్త ఉండదు. గిల్లితే పాలు కారతాయి. అది వేరే కుటుంబం. నాగజెముడు మాత్రం నిజమైన కాక్టసే, అమెరికా ఖండం నుంచి వచ్చి మన చేల గట్లెక్కింది.

అక్కడే ఎర్రగా, పసుపుగా బంతుల్లాంటివి కనిపిస్తాయి. పిల్లలు ముందు వాటి దగ్గరికే పరిగెడతారు. వంగి కింద చూడండి. ఎర్ర బంతి ఒక ఆకుపచ్చ కాండం మీద కూర్చుని ఉంటుంది. రెండూ వేరు వేరు మొక్కలు. ఆ బంతిలో పత్రహరితం లేదు, తన తిండి తాను వండుకోలేదు. అందుకని పచ్చటి కాక్టస్ మీద అంటు కడతారు. కింది మొక్క వండుతుంది, పైది తింటుంది. అంటు కట్టిన చోట గీతలా కనిపించే అతుకుని పిల్లలకి తప్పకుండా చూపించండి.

గ్రీన్‌హౌస్ అనగానే వేడి కోసం కట్టిన ఇల్లనుకుంటాం. చలి దేశాల్లో అది నిజమే. లండన్‌లోని క్యూ తోటలో 1848లో పూర్తయిన పామ్ హౌస్ అలాంటిదే. అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి బయటికి పోలేదు, చాలని చోట బాయిలర్ల వేడి తోడవుతుంది, దాంతో మన తాటి, కొబ్బరి జాతులు అక్కడా బతుకుతాయి. మన దగ్గర వేడికేం కొదవ? ఇక్కడ కాక్టస్‌కి పైకప్పు వేసేది వాన నుంచి కాపాడటానికి. ఏడాదికి దాదాపు 1500 మిల్లీమీటర్లు కురిసే ఊళ్లో ఎడారి మొక్కని బయట పెడితే ఒక్క వానాకాలంలో వేరు కుళ్లిపోతుంది. ఫెర్న్‌లకీ ఆర్కిడ్లకీ దీనికి తిరగేసిన ఏర్పాటు కావాలి. పచ్చ నెట్టు కట్టి ఎండ తగ్గిస్తారు, నీటి తుంపర చల్లి గాలిని తడిగా ఉంచుతారు. ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్లగానే మీ చర్మమే ఆ తేడా చెప్తుంది. లోపల ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం.

ఇలా కాపాడటం ఎందుకని ఎవరైనా అడిగితే, 2013 అక్టోబర్ 12 రాత్రి గుర్తు తెచ్చుకోండి. ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి మన వీధుల్లో చెట్లు ఎలా పడి ఉన్నాయో చూశాం. 2019 మేలో ఫణి వచ్చి భువనేశ్వర్ చెట్లని కూల్చేసింది. తుపాను దారిలో ఉన్న మనకి, ఒక్కచోటే మిగిలిన మొక్క అంటే పోయినట్టే లెక్క. విత్తనమో, అంటో, కుండీలో పిలకో ఇంకోచోట ఉండాలి. రాక్స్‌బర్గ్ మళ్లీ మొదలుపెట్టగలిగాడంటే, ఆ మొక్కలు ఇంకా బయట బతికి ఉండబట్టే కదా.

చివరగా మన గంజాం మొగలి. భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానిదే అని ప్రభుత్వం ఇచ్చే ముద్ర, వచ్చిన పువ్వు మనది. ఛత్రపురం వైపు వెళ్తే పొలం గట్ల మీద పొదలు, వానాకాలంలో రాగి డేగిశాల్లో అత్తరు బట్టీలు చూసే ఉంటారు. మామ్మ చీరల పెట్టెలో మొగలి రేకు పెట్టేది. ఆ రేకు పూరేకు కాదు. లోపలి చిన్న చిన్న పువ్వుల గుత్తిని కప్పి ఉంచే తెల్లటి ఆకు. ఆ వాసన మగ చెట్టుదే, ఆడ చెట్టు అనాసలాంటి కాయ కాస్తుంది. ఒడియాలో దీన్ని కియా అంటారు. లాటిన్‌లో పాండనస్.

ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోండి. బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఐదు చెట్ల తెలుగు పేర్లు రాసుకుని రండి. తోటలో వాటి పక్కన ఒడియా పేరు, లాటిన్ పేరు నింపుదాం. దొరకని చోట మాలిని అడుగుదాం. ఏ పిల్లాడైనా "ఇదేటి చెట్టు?" అంటే, జవాబు దొరికేదాకా అందరం అక్కడే ఆగుదాం. ఆదివారం పొద్దున్న స్టేషన్లో కలుద్దాం.